లైట్లు ఆపాక

మార్చి 3, సోమవారం

మా ఆవిడ ఊరెళ్లింది. చెల్లెలికి మోకాలి ఆపరేషన్, నెలైనా దగ్గరుండాలట. పొద్దున్నే బస్సెక్కించి వచ్చాను. బస్సు కదిలే ముందు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో చెప్పింది. పక్కన ఇంజన్ రొద, వెనక ఎవడో హారన్. ఏం చెప్పి ఉంటుందిలే, మాత్రలు వేసుకోమనో, గ్యాసు కట్టేయమనో. పెళ్లైన దగ్గర్నుంచి చెప్పేవే. తల ఊపాను. బస్సు వెళ్లిపోయింది.

దాణా కంపెనీవాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ టీ గ్లాసు కింద పెట్టుకున్నాం. అట్ట మీద మరకలు గుండ్రంగా పడ్డాయి. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి ఇక దీనితో మాట్లాడతాను. ఇది ఎదురు చెప్పదు, అదొక సుఖం.

మార్చి 4

గోడ గడియారానికి కొత్త బ్యాటరీ వేశాను. ముల్లు తిరుగుతోంది గానీ టిక్కుటిక్కు లేదు. ఈ కాలపు సరుకంతా ఇంతే.

మార్చి 6, గురువారం

అలసటగా ఉంది. పని ఎక్కువై కాదు, ఇంటికొస్తే ఏం చేయాలో తోచక.

మా బావమరిది కోళ్ల ఫారంలో నేను చూసే పనులు చాలానే ఉన్నాయి. దాణా, నీళ్లు, కరెంటు పోతే జనరేటరు. కానీ నాకు పేరు తెచ్చింది ఒక్కటే పని. సాయంత్రం షెడ్డులో లైట్లు ఆపాక, ఫ్యాన్లు కూడా కాసేపు ఆపించి, ఆ చీకట్లో నిలబడి వినడం. పగలు కోళ్ల గోలలో ఏ రోగమూ బయటపడదు. లైట్లు ఆపిన కాసేపటికి అన్నీ సద్దుమణుగుతాయి. అప్పుడు జబ్బున్న కోడి దొరికిపోతుంది. తుమ్ముతుంది, లేదా ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగురమంటుంది.

చాలా ఏళ్ల కిందట ఈ చివర నిలబడి ఆ చివర తుమ్మిన ఒకే ఒక్క కోడిని పట్టాను. అప్పటి డాక్టరు "నీవి పాము చెవులయ్యా" అన్నాడు. అప్పటినుంచి అందరికీ పాముచెవుల బాబాయిని అయిపోయాను. అసలు పేరు పిలిస్తే నేనే పలకనేమో.

నిరుడు జబ్బు వచ్చినప్పుడు కూడా మొదటి రోజే పట్టాను. ఆవిడ పక్కనే ఉంది. రోజూ ఆ వేళకు టీ పట్టుకుని షెడ్డుకు వచ్చేది, నేను విని బయటికొచ్చేదాకా నిలబడేది. ఇవాళ టీ లేదు. ఒక్కడినే విన్నాను. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అంతా బాగుంది.

మార్చి 8

ఆవిడ ఫోన్ చేసింది. ఈ ఫోన్ పాడైనట్టుంది, గొంతు నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది. అన్నింటికీ సరే అన్నాను.

మార్చి 10, సోమవారం

కోళ్లను చూడటానికి వచ్చే డాక్టరమ్మ షెడ్డులో పనిచేసేవాళ్లందరికీ మాస్కులు పెట్టించింది. దుమ్ము పడదు, మంచిదే. కానీ మాస్కులు వచ్చాక ఈ మనుషులు నోట్లో నోట్లో గొణగడం మొదలుపెట్టారు. ఒక్కరికీ నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదు. గుడ్లు ఏరే పొడుగమ్మ ట్రేలు పట్టుకుని వచ్చి ఇవాళ ఏదో అంది. నేను చూస్తూ ఉండిపోతే మళ్లీ అంది. సెలవు సంగతే అయ్యుంటుంది, నెలకోసారి అడుగుతూనే ఉంటుంది. "చూద్దాంలే" అన్నాను. కాసేపు నావంక అలాగే చూసి వెళ్లిపోయింది.

మార్చి 11

పొద్దున్నే ఒక గుడ్డు ప్లేటులో కొట్టి చూడటం ఆవిడ అలవాటు. మంచి గుడ్డైతే పచ్చసొన మధ్యలో పొంగి కూర్చుంటుంది, చుట్టూ తెల్లసొన చిక్కగా, దాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. ఆవిడ లేదు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. ఇవాళ కొట్టగానే తెల్లసొన నీళ్లలా ప్లేటంతా పారింది. పచ్చసొన జారి ఒక పక్కకు పోయింది.

ప్లేటు వంకర. ఆవిడ వాడేది వేరే ప్లేటు అనుకుంటా. ఆమ్లెట్ వేసుకుని తినేశాను.

మార్చి 13, గురువారం

రేపు పాత షెడ్డుకు టీకా. ఊపిరి జబ్బు రాకుండా వేసేది. గుడ్లు పెట్టే కోళ్లకు కూడా మధ్యమధ్య వేస్తూ ఉండాలి. లేకపోతే ఆ జబ్బు గొంతులో మొదలై గుడ్డు తయారయ్యే దారిదాకా పోతుంది, పెంకునూ సొననూ రెంటినీ పాడుచేస్తుంది. ఒకటే షరతు, టీకా వేసే రోజుకు కోడి ఆరోగ్యంగా ఉండాలి. మందులో ఉండేది బలం తగ్గించిన క్రిమి, అయినా ప్రాణమున్నదే. బాగున్న కోడికి అది పాఠం చెబుతుంది. బాగాలేని కోడిని ఇంకో దెబ్బ కొడుతుంది. అందుకే ముందు రోజు సాయంత్రం నేను విని బాగుందంటేనే టీకా.

డాక్టరమ్మ ఆఫీసు గదిలో టీ తాగుతూ అంది, "ఇవాళ లైట్లు ఆపాక నేనూ ఉంటాను బాబాయ్, ఇద్దరం విందాం."

నాకు చురుక్కుమంది. "నువ్వు పుట్టకముందు నుంచీ వింటున్నానమ్మా. చీకటి పడకముందే ఇంటికెళ్లు" అన్నాను.

"కోప్పడకండి బాబాయ్. సరే, మీ చెవుల మీద నమ్మకంతో వేసేస్తా" అని నవ్వుతూ వెళ్లింది. మంచి పిల్ల. మాట స్పష్టంగా ఉంటుంది, ముఖంలోకి చూసి మాట్లాడుతుంది.

సాయంత్రం విన్నాను. ఆ చివరనుంచి ఈ చివరకు నడిచి మరీ విన్నాను. ఎక్కడా ఏమీ లేదు. బావమరిదికి శుభ్రం అని చెప్పాను. ఇంటికొస్తుంటే మనసులో ఏదో వెలితి. టీ లేకపోవడం వల్ల.

మార్చి 14, శుక్రవారం

టీకా అయింది. పొద్దున్నే నీళ్లు కట్టేశాం, కోళ్లకు దాహం వేయాలి కదా. క్లోరిన్ కలపని నీళ్లు వేరే తొట్టిలో పట్టి, పాలపొడి కలిపి, అందులో టీకా, పైన నీలం రంగు. గొట్టాల్లోకి వదలగానే ఎగబడి తాగాయి. తర్వాత డాక్టరమ్మ అక్కడొకటి ఇక్కడొకటి పట్టుకుని ముక్కు తెరిచి చూసింది. నాలుక నీలంగా ఉంటే తాగినట్టు లెక్క. సిరా పెన్ను నోట్లో పెట్టుకున్న బడిపిల్లల్లా ఉన్నాయి. అన్నీ తాగాయి.

నడుం పట్టేసింది. భోజనం చేయాలనిపించలేదు.

మార్చి 16

ఆవిడ ఫోన్. సరే అన్నాను.

మార్చి 18, మంగళవారం

గుడ్లు బాగాలేవు. గోధుమరంగు పెంకులు వెలిసిపోయి వస్తున్నాయి. కొన్నింటి పెంకు ముడతలు పడింది, నీళ్లలో ఎక్కువసేపు నానిన వేళ్లలా. ట్రేలు కూడా తగ్గాయి. టీకా తర్వాత రెండు మూడు రోజులు కాస్త తుమ్ములు, కాస్త రంగు తగ్గడం మామూలేనని డాక్టరమ్మ అందట. కానీ ఇది కాస్త కాదు.

సాయంత్రం బావమరిది నా భుజం పట్టుకుని ఊపాడు. "షెడ్డంతా కొలిమితిత్తిలా గురగురమంటోంది బావా, వింటున్నావా?"

"వింటున్నాను" అన్నాను.

విన్నాను. ఆ మూల కొంచెం. విన్నాననే అనుకుంటున్నాను.

మార్చి 20, గురువారం

మన గుడ్లే ఏళ్ల తరబడి కొంటున్న బేకరీ ఆయన ఇవాళ ట్రే చేత పట్టుకుని తనే వచ్చాడు. మనిషి ఒళ్లంతా మైదాపిండి. ఆఫీసు గదిలో బల్ల మీద గిన్నె పెట్టి గుడ్డు తర్వాత గుడ్డు కొట్టాడు. అన్నీ నీళ్లే.

"చూడండి. ఎంతసేపు గిలకొట్టినా నురగ రాదు. కేకు పొంగదు. నా చేతులు పడిపోయాయి గానీ ఈ సొన మాత్రం లేవలేదు. నేను గుడ్లు కొంటున్నానా, పెంకులో పోసిన మంచినీళ్లు కొంటున్నానా?"

అతను వెళ్లాక బావమరిది డాక్టరమ్మను పిలిపించాడు. అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. "టీకా వేయక ముందు నా గుడ్లు బంగారం. వేశాక ఇదీ సంగతి. ఇంకేం చెబుతారు?"

ఆ అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది. బాగున్న కోళ్లకు ఈ టీకా వల్ల సొన ఇలా నీరుగారదని, పెంకు ముడతలు పడటం జబ్బు లక్షణమని. "జబ్బు అప్పటికే లోపల ఉండి ఉండాలి సార్. అలాంటి రోజున నీళ్లు ఆపాం, పైగా టీకా వేశాం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది."

"అప్పటికే ఉంటే మా బావకు వినపడదా?"

అంటూనే నావైపు తిరిగాడు.

"ముందు రోజు విన్నావుగా బావా? చెప్పు."

"విన్నాను. శుభ్రంగా ఉంది" అన్నాను.

"అదీ! ఆయన మాటంటే నాకు శిలాశాసనం. మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది డాక్టరమ్మా. ఇక మీరు రానక్కర్లేదు."

ఆ అమ్మాయి నావంక చూసింది. నేను గిన్నెలో సొనవంక చూశాను. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 21

నేను విన్నాను. ఆ రోజు నిశ్శబ్దంగానే ఉంది. నేను విన్నాను.

మార్చి 24, సోమవారం

వచ్చే వారం చిన్న షెడ్డులోకి కొత్త కోడిపిల్లలు వస్తున్నాయి. మామూలుగా దిగిన రోజే కంట్లో చుక్క వేయిస్తాం, ఇదే టీకా. ఈసారి వద్దన్నాడు బావమరిది. "పెద్దవాటిని పాడుచేసింది చాలు, పిల్లల జోలికి పోవద్దు."

డాక్టరమ్మ అతనికి ఫోన్ చేసిందట. తనను రానివ్వకపోయినా ఫరవాలేదు, పిల్లలకు మాత్రం ఎవరితోనైనా వేయించమందట. పాత షెడ్డు పక్కనే జబ్బు పెట్టుకుని టీకా లేని పిల్లల్ని దింపితే వాటికి అంటుకోక మానదు. పసితనంలో ఈ జబ్బు వస్తే గుడ్డు దారి లోపల్లోపలే చెడిపోతుంది. పైకి ఏమీ తెలియదు. పెరుగుతాయి, తింటాయి, తల మీద తురాయి ఎర్రబడుతుంది, గూట్లోకి వెళ్లి కూర్చుంటాయి, లేచి వస్తాయి. గుడ్డు మాత్రం ఉండదు, ఇక ఎన్నటికీ. అలాంటివి నేను చూశాను. రోజూ వెళ్లి కూర్చునేవి పాపం, ఇవాళ పెడతాం అన్నట్టు.

ఇదంతా బావమరిది కోడిగుడ్డుకు ఈకలు పీకడం అని కొట్టిపారేశాడు. "నువ్వేమంటావు బావా?" అని అడిగాడు.

నేను ఏదో ఒకటి అనాల్సింది. దాణా లారీ వచ్చింది, అటు వెళ్లాను.

వెళ్లానా, పారిపోయానా? వెళ్లాను అన్న మాటను పైన కొట్టేసి మళ్లీ రాశాను.

మార్చి 26, బుధవారం

ఆవిడ వచ్చేసింది. చెప్పాపెట్టకుండా, సంచితో నా ఎదుట నిలబడి ఉంది. తలుపు ఎంతసేపు కొట్టిందో, చివరికి పెరటి వైపు నుంచి లోపలికి వచ్చింది.

"ఏమైంది, మీ చెల్లెలికి బాగానే ఉందా?"

"దానికి బాగానే ఉంది. మీకే బాగున్నట్టు లేదు. అన్నం తిన్నారా అంటే సరే, కూరేం చేసుకున్నారంటే సరే, మా చెల్లెలి మొగుడు మెట్ల మీద నుంచి పడ్డాడంటే సరే. ఇంకా అక్కడ కూర్చోమంటారా?"

నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి. తోడల్లుడికి పెద్ద దెబ్బేం తగల్లేదట.

మార్చి 27, గురువారం

ఇవాళ్టిది రాయాలి. రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున ఆవిడ తన అలవాటు ప్రకారం గుడ్డు కొట్టింది. పారింది.

"ప్లేటు వంకర" అన్నాను.

"మా అమ్మ ఇచ్చిన ప్లేటు, ఇన్నేళ్లూ లేని వంకర నేను ఊరెళ్తే వచ్చిందా?" అని ఇంకో ప్లేటు తీసి ఇంకో గుడ్డు కొట్టింది. అదీ అంతే. "ఎప్పటినుంచి ఇలా?"

"టీకా వేసిన దగ్గర్నుంచి" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. ప్లేటు వంకర అనుకున్నది టీకాకు ముందు. ఆ మాట పైకి అనలేదు.

సాయంత్రం టీ పట్టుకుని షెడ్డుకు వచ్చింది. లైట్లు ఆపించాను, ఫ్యాన్లు ఆపించాను. గుమ్మం దగ్గర చిన్న బల్బు ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. ఆ వెలుగులో ఆవిడ మాస్కు కిందికి లాగి నిలబడింది. ముఖం చిట్లించింది. ఆ చిట్లింపు చూడగానే నా నోట్లోంచి "అదిగో" అని రాబోయింది. ఎందుకు రాబోయిందో నాకే అర్థం కాలేదు.

నా చెవి దగ్గరకు వచ్చి అడిగింది. "ఏం వినపడుతోంది?"

"మామూలే. ఆ మూల రెండో మూడో గురగురమంటున్నాయి."

ఆవిడ నా భుజం పక్కనున్న అరలోంచి ఒక కోడిని తీసింది. నా చేయి పట్టుకుని, అరచేయి దాని రొమ్ము కింద పెట్టింది. అది ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఏదో గలగలా కదులుతోంది, గులకరాళ్లు వేసిన డబ్బాను మెల్లగా ఊపినట్టు. దాన్ని లోపల పెట్టి ఇంకొకటి తీసింది. అదీ అంతే. మూడోది, నాలుగోది. అన్నీ నా మోచేతి దూరంలో ఉన్నవే. ఆ మూల ఏముందో నాకు తెలియదు. నేను ఊరికే అన్నాను.

"ఇవి మీ చెవి పక్కన ఉన్నవి" అంది.

మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. "నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నిరుటికి ముందే. మీరు టీ తాగుతూ నా ముఖంలోకి చూసేవారు. నేను ముఖం చిట్లిస్తే అదిగో అనేవారు. నిరుడు నేనే మీ మోచేయి పట్టుకున్నాను. పట్టుకోగానే, విన్నావా అని నన్నే అడిగారు."

అవును. అలాగే జరిగింది. ముందు ఆవిడ వేళ్లు బిగిసాయి, ఆ తర్వాతే నాకు వినపడింది. లేక వినపడిందనుకున్నాను. అది నా ఘనత అని వారం రోజులు ఫారమంతా చెప్పుకుని తిరిగాను.

"చెప్పొచ్చుగా నాతో?"

"ఎలా చెప్పమంటారు? పాము చెవులని ఎవరైనా అంటే చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. నేనెలాగూ రోజూ పక్కనే ఉంటాను కదా, గడిచిపోతుందిలే అనుకున్నాను. నా తప్పూ ఉంది."

టీ చల్లారిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు కనపడకుండా కోళ్లవైపు తిరిగాను. అన్నీ ఊపిరాడక అవస్థ పడుతున్నాయి, నా కళ్లెదుటే, నాకు మాత్రం ప్రపంచమంతా ప్రశాంతంగా ఉంది.

మార్చి 28

పొద్దున పొడుగమ్మను ఆవిడ అడిగింది, నా ఎదుటే, మాస్కు తీయించి.

"టీకాకు ముందే తుమ్ముతున్నాయి పిన్నీ. బాబాయికి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. చూద్దాంలే అన్నారు. తర్వాత శుభ్రం అన్నారు. ఆయనే అన్నాక నేనెవర్ని? దుమ్ముకేమోలే అనుకున్నాను."

అందరూ విన్నారు. పొడుగమ్మ విన్నది. ట్రేలు మోసేవాళ్లు కూడా విని ఉంటారు. నా చెవుల మీద గౌరవంతో వాళ్ల చెవుల్ని వాళ్లే నమ్మలేదు.

ఇప్పుడు నేనేం చేయాలో నాకు తెలుసు. చేయబుద్ధి కావడం లేదు. ఆ చెవులు లేకపోతే ఈ ఫారంలో నేనెవర్ని? యజమాని అక్క మొగుడిని, అంతే. దాణా, నీళ్లు ఎవరైనా చూస్తారు. ఇంకో ఏడాది ఆవిడ పక్కన నిలబడితే ఎవరికీ తెలియదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగేయొచ్చు.

బుధవారం పిల్లలు దిగుతాయి.

మార్చి 29, శనివారం

చెప్పేశాను.

బావమరిది ఆఫీసు గదిలో ఉన్నాడు. ఆవిడ నాతో వచ్చింది గానీ గుమ్మం దగ్గరే ఆగింది. మీరే చెప్పాలి అన్నట్టు.

"టీకా తప్పు కాదు. కోళ్లకు అప్పటికే జబ్బుంది. పొడుగమ్మ వచ్చి చెప్పింది కూడా, అదీ నాకు అందలేదు. నాకు వినపడదు" అన్నాను.

అతను నవ్వాడు. హాస్యమాడుతున్నానని. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. అక్కవంక చూశాడు. ఆవిడ తల దించుకుంది.

"ఒకసారి అటు తిరుగు బావా" అన్నాడు.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా క్యాలెండర్, దాని మీద తెల్ల కోడిపెట్ట బొమ్మ. నిలబడే ఉన్నాను. వెనక ఏమన్నాడో, ఎన్నిసార్లు అన్నాడో తెలియదు. చాలాసేపటికి ఆవిడ వచ్చి భుజం తట్టింది. తిరిగి చూస్తే బావమరిది కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏమన్నాడో నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

తర్వాత అతను తిట్టాడు కూడా. దగ్గరికి వచ్చి, నాకు వినపడేలా, గట్టిగా. "ముందే చెబితే నేను నిన్ను తీసేసేవాడినా? పరాయివాడినా? ఆ డాక్టరమ్మను నీ ఎదుటే ఎన్ని మాటలన్నాను!" తిట్టినంతసేపూ పడ్డాను. ప్రతి మాటా వినపడింది. ఎందుకో హాయిగానే ఉంది.

డాక్టరమ్మకు తనే ఫోన్ చేశాడు. సాయంత్రానికి వచ్చింది. "పొరపాటు మాట్లాడాను డాక్టరమ్మా" అన్నాడు, అంతకంటే వంగడం అతనికి చేతకాదు. ఆ అమ్మాయి పెద్దగా సాగదీయలేదు. పాత షెడ్డు చూసింది, నాలుగు గుడ్లు కొట్టి చూసింది.

"మళ్లీ బాగుపడతాయా?" అని అడిగాను.

"పెంకు, రంగు కొన్నాళ్లకు సర్దుకుంటాయి బాబాయ్. సొన సంగతి మాత్రం చెప్పలేను. దెబ్బ బాగా తగిలిన కోళ్లకు ఇక పలచగానే ఉండిపోవచ్చు."

బేకరీ ఆయన ఇక రాడు. అతన్ని తప్పుపట్టలేం.

వెళ్లేముందు ఆ అమ్మాయి నా దగ్గర ఆగింది. "ఆ రోజు నేను ఉండాల్సింది. మీరు పొమ్మంటే పోయాను. వినడం నా పని కూడా."

"తిలాపాపం తలా పిడికెడు" అంది మా ఆవిడ. "ఇక పంచుకోవడం ఆపి టీ తాగండి."

చెవుల డాక్టరు దగ్గరకు సోమవారం వెళ్లాలట. ఆవిడ అప్పుడే వస్తామని చెప్పి పెట్టేసింది.

మార్చి 31

వెళ్లొచ్చాం. చెవికి మిషను పెడితే మాటలు కొంచెం తెలుస్తాయట. కోళ్లను వినడం మాత్రం కష్టమేనన్నాడు. నేను ఆ ఒక్కటే అడిగాను.

ఏప్రిల్ 2, బుధవారం

పిల్లలు వచ్చాయి. పసుపుపచ్చగా, పెట్టె నిండా ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. చిన్న షెడ్డులో బల్ల వేసుకుని కూర్చున్నాం. నేను పిల్లను పట్టుకుని తల పక్కకు తిప్పితే, ఆవిడ కంట్లో చుక్క వేస్తుంది. చుక్క లోపలికి ఇంకి, పిల్ల కన్నార్పేదాకా వదలకూడదు. తొందరపడి వదిలితే తల విదిలిస్తుంది, మందు కింద పడుతుంది. డాక్టరమ్మ అటూ ఇటూ తిరుగుతూ చూస్తోంది. మంచుముక్కల డబ్బాలోంచి సీసాలు ఒక్కొక్కటే తీసి ఇస్తోంది.

పిల్ల నా గుప్పెట్లో ఉన్నంతసేపూ దాని ఊపిరి అరచేతికి తగులుతుంది. ఏ గలగలా లేదు. శుభ్రంగా, తేలిగ్గా ఉంది. ఈసారి నేను శుభ్రం అంటే నమ్మొచ్చు.

ఇక సాయంత్రం లైట్లు ఆపాక వినేది పొడుగమ్మ. టీకా ముందు రోజైతే డాక్టరమ్మ కూడా. నేను వాళ్ల వెనక నడిచి, వాళ్లు చూపించిన కోడి మీద చేయి వేసి చూస్తాను. బావమరిది పెట్టిన పద్ధతి. పొడుగమ్మను అప్పుడే ఎవరో పాముచెవుల అక్కా అన్నారు. కొంచెం గుచ్చుకుంది. పోనీలే.

పని మధ్యలో ఆవిడ ఏదో అంది. మాస్కు ఉంది, నాకేమీ అందలేదు. అలవాటు చొప్పున తల ఊపబోయాను. సగంలో ఆపుకున్నాను. చేతిలో పిల్లను పెట్టెలో వదిలి, అందరూ ఉండగానే అన్నాను, "వినపడలేదు. మళ్లీ చెప్పు."

"మందు డబ్బా మూత పెట్టమన్నాను! వేడెక్కిపోతోంది!" అని అరిచింది. షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. మూత పెట్టాను. ఇంత తేలికైన పనిని ఇన్నేళ్లూ ఎందుకు చేయలేకపోయానో.

ఇంటికొచ్చాక, ఆవిడ టీ తెచ్చి డైరీ మీద పెట్టబోతుంటే అడిగాను. "ఆ రోజు బస్సు కిటికీలోంచి ఏం చెప్పావు?"

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా, ముఖం కనపడేలా కూర్చుంది.

"లైట్లు ఆపాక ఒక్కరే వినకండి, పొడుగమ్మను తోడు పెట్టుకోండి అని చెప్పాను. మీరు తల ఊపారు. అది చూసే నేను నిశ్చింతగా ఊరెళ్లాను."